విండోస్ 11కు మారాక మెమరీ తంటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తేదీకి కాస్త అటూ ఇటూగా హైదరాబాద్ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో ఎన్నో పాత కంప్యూటర్లు విండోస్ 11కు మారాయి. ఆ తర్వాత సికింద్రాబాద్‌లోని మా సర్వీసు కౌంటరుకు వచ్చేవారు తరచుగా చెప్పే మాట ఒకటే: "నిన్నటిదాకా బాగానే ఉండేదండీ, అప్‌గ్రేడ్ చేశాక మెమరీ చాలడం లేదు." ఆ వెంటనే రెండో మాట: "ఒక ర్యామ్ వేసేయండి." ర్యామ్ అంటే కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు తాత్కాలికంగా వాడుకునే మెమరీ. అది వేయడం పెద్ద పనేమీ కాదు. అయితే చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదు. ముందు అంకెలు చూడాలి, ఆ తర్వాతే పర్సు తీయాలి. కింది జవాబులన్నీ ఆ పట్టుదలతోనే రాశాం.

"మెమరీ నిండిపోయింది" అని వస్తోంది. ర్యామ్ మార్చాలా?

ముందు ఏది నిండిందో చూడండి. సి డ్రైవ్ గడి ఎర్రగా కనిపిస్తుంటే నిండింది మీ ఫైళ్లు దాచే డిస్కు. దానికీ ర్యామ్‌కూ సంబంధం లేదు. అప్‌గ్రేడ్ తర్వాత డిస్కు హఠాత్తుగా నిండడానికి ఒక కారణం ఉంది: పాత విండోస్ మొత్తం "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డరులో అలాగే ఉంటుంది. ఇది అనేక జీబీల చోటు తింటుంది. సాధారణంగా 10 రోజులయ్యాక దానంతట అదే పోతుంది. అంతవరకు ఆగలేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లి పాత విండోస్‌ను తొలగించవచ్చు. తొలగించాక మాత్రం విండోస్ 10కు తేలికగా వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. కొత్తది నచ్చిందని తేలేదాకా దాని జోలికి వెళ్లకండి.

అప్‌గ్రేడ్ అయిన మర్నాడే మెమరీ 80 శాతం చూపిస్తోంది. పాడైందా?

కాదు. అప్‌గ్రేడ్ ముగిసిందని తెర మీద కనిపించినా లోపల పని మిగిలే ఉంటుంది. మీ ఫైళ్లన్నిటికీ విండోస్ సెర్చ్ కొత్తగా సూచీ తయారు చేసుకుంటుంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ మొత్తం డిస్కును తడుముతుంది. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్‌లో "యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అని కనిపించేది అదే, వైరస్ అనుకుని కంగారు పడకండి. స్టోర్ యాప్‌లు, డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రాములు) దిగుమతి అవుతుంటాయి. వన్‌డ్రైవ్ ఉంటే అదీ తన లెక్కలు సరిచూసుకుంటుంది.

ఛార్జరు పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా చేసి, ఇంటర్నెట్ ఉంచి ఒక రాత్రి దాన్ని వదిలేయండి. మర్నాడు అప్‌డేట్స్‌లో ఇంకేమీ మిగలలేదని చూసి రీస్టార్ట్ చేయండి. రెండు మూడు రోజులైనా అదే తీరు ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

అసలు ఎంత వాడకం మామూలు? ఆ అంకెలు ఎలా చదవాలి?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. అక్కడ ఉన్న నాలుగైదు అంకెలు అర్థమైతే ఈ పేజీలో సగం చదవనక్కర్లేదు.

"ఇన్ యూజ్" అంటే ఇప్పుడు నిజంగా వాడుకలో ఉన్నది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ తెరవకుండానే 3 నుంచి 4 జీబీ దాకా వాడకం కనిపించడం విండోస్ 11లో మామూలే. పక్కనే బ్రాకెట్లో "కంప్రెస్డ్" అని ఉంటుంది. కాసేపుగా తాకని సమాచారాన్ని డిస్కుకు పంపకుండా ర్యామ్‌లోనే కుదించి దాచుకునే పద్ధతి అది, విండోస్ 10 నుంచే ఉంది.

"క్యాష్డ్" అంకె పెద్దగా ఉంటే భయం అక్కర్లేదు. మీరు తరచూ తెరిచే వాటిని విండోస్ ఖాళీ చోటులో ముందే తెచ్చిపెట్టుకుంటుంది. వేరే ప్రోగ్రామ్ అడిగిన క్షణంలో ఆ చోటు ఇచ్చేస్తుంది. అందుకే "ఫ్రీ మెమరీ లేదు" అని చూపే చిట్కా సాఫ్ట్‌వేర్ల మాట నమ్మకండి. చూడాల్సింది "అవైలబుల్".

అన్నిటికంటే విలువైన అంకె "కమిటెడ్". అది 9.1/11.8 లాగా రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది ప్రోగ్రాములన్నీ కలిసి తమ పేరిట రాయించుకున్న మెమరీ. రెండోది ర్యామ్, డిస్కు మీది పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే చోటు) కలిపిన హద్దు. మీ రోజువారీ పని అంతా తెరిచి ఉంచి ఈ అంకె చూడండి. మొదటిది మీ ర్యామ్ కంటే బాగా ఎక్కువగా ఉండి, కంప్యూటర్ కూడా నత్తనడక నడుస్తుంటే ర్యామ్ నిజంగానే చాలడం లేదు. అది ర్యామ్ లోపలే ఉంటే మందగమనానికి కారణం ఇంకెక్కడో ఉంది.

రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నాను. అయినా పొద్దున్నే మెమరీ సగం నిండి ఉంటోంది. ఎందుకు?

షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగిపోవడం కాదు గనుక. విండోస్ 8 కాలం నుంచి "ఫాస్ట్ స్టార్టప్" అనే ఏర్పాటు ఉంది. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే మీ ప్రోగ్రాములు మూతపడతాయి కానీ విండోస్ మూలభాగం, డ్రైవర్లతో సహా, డిస్కులో నిద్రపోతుంది. పొద్దున్న అదే నిద్ర లేస్తుంది. ఏ డ్రైవరైనా మెమరీ పట్టుకుని వదలకుండా ఉంటే అది నెల రోజులైనా అలాగే పేరుకుంటుంది. రీస్టార్ట్ మాత్రం అంతా శుభ్రంగా మొదలుపెడుతుంది. మెమరీ మీద ఫిర్యాదు ఏదైనా సరే, రీస్టార్ట్ చేశాక చూసిన అంకెలే చెప్పండి.

8 జీబీ వేయించాను. 5.9 జీబీ మాత్రమే వాడుకోవచ్చు అంటోంది. మిగతాది ఏమైంది?

7.8 అని చూపిస్తే పట్టించుకోకండి. 5.9 అంటే కారణం వెతకాలి. టాస్క్ మేనేజర్‌లో "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" ఎంతో చూడండి.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగం ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఈ వాటా 2 జీబీ దాకా కేటాయించి ఉండడం కొత్తేమీ కాదు. కొన్ని బయోస్‌లలో (విండోస్ కంటే ముందు నడిచే, యంత్రంలోని మూల అమరికలు చూసే ప్రోగ్రామ్) దాన్ని తగ్గించే వీలుంది. తగ్గించే ముందు మీరు ఆటలు ఆడతారా, వీడియో ఎడిటింగ్ చేస్తారా అని ఆలోచించుకోండి.

రెండో అనుమానం మనుషులు చేసిన పని మీద. వేగం పెంచే చిట్కా అని ఎవరో చెబితే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి "మ్యాగ్జిమమ్ మెమరీ" దగ్గర టిక్ పెట్టి అంకె వేసినవారు ఉన్నారు. అది మెమరీని పెంచదు, అంతకు మించి వాడవద్దని విండోస్‌కు ఆజ్ఞ ఇస్తుంది. టిక్ తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

ఈ రెండూ కాకపోతే ర్యామ్ స్టిక్ సరిగా కూర్చోకపోవడం, స్లాట్‌లో దుమ్ము, పాత డెస్క్‌టాప్‌లలో బయోస్‌లోని మెమరీ రీమ్యాప్ అనే అమరిక ఆగిపోయి ఉండడం వంటివి మిగులుతాయి. మొత్తం 8కి బదులు 4 మాత్రమే కనిపిస్తే దాదాపు ఎప్పుడూ స్టిక్ సంగతే.

ఒక హెచ్చరిక. విండోస్ 11 ఉన్న అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది, యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. బయోస్ మార్చినా, అప్‌డేట్ చేసినా మరుసటిసారి 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే తెరిచి కాగితం మీద రాసుకోండి. కీ లేకపోతే మేమే కాదు, ఇంకెవరూ ఆ ఫైళ్లు తెరవలేరు.

ఏ ప్రోగ్రామ్ ఎక్కువ తింటోందో ఎలా పట్టుకోవాలి?

టాస్క్ మేనేజర్ ప్రాసెసెస్‌లో "మెమరీ" శీర్షిక మీద నొక్కితే పెద్ద తిండిపోతు పైకి వస్తుంది. ఇళ్లలోని కంప్యూటర్లలో అది సాధారణంగా బ్రౌజరే. ముప్పై ట్యాబ్‌లు తెరిచి పెట్టి విండోస్‌ను తిట్టడం న్యాయం కాదు. క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేయండి. ఎడ్జ్ వాడనివారు దాని సెట్టింగ్స్‌లో స్టార్టప్ బూస్ట్ ఆపేయాలి, లేకపోతే మీరు తెరవకపోయినా అది వెనక కూర్చుని ఉంటుంది. టీమ్స్, విడ్జెట్స్ వంటివి పైకి విడి యాప్‌లలా కనిపించినా లోపల నడిచేది ఎడ్జ్ ఇంజనే, అందుకే వాటి తిండి కూడా బ్రౌజర్ స్థాయిలోనే ఉంటుంది. స్టార్టప్ యాప్స్ జాబితాలో రోజూ వాడనివన్నీ ఆపేయండి. అప్‌గ్రేడ్ తర్వాత డిఫెండర్, పాత యాంటీవైరస్ రెండూ మిగిలిపోయి ఉంటే పాతదాన్ని తీసేయాలి.

ఇక చిక్కు కేసు: జాబితాలోని అంకెలన్నీ కూడితే 3 జీబీ, పైన మాత్రం 7 జీబీ వాడకం. ఇక్కడ చాలామంది ఫార్మాట్ కొట్టించుకుంటారు. తొందర వద్దు. పెర్ఫార్మెన్స్ పేజీలో "నాన్-పేజ్డ్ పూల్" చూడండి. అది సాధారణంగా కొన్ని వందల ఎంబీలు ఉంటుంది. జీబీలు దాటి, గంట గంటకూ పెరుగుతుంటే ఏదో డ్రైవరు మెమరీ అడుగుతోంది, తిరిగి ఇవ్వడం లేదు. విండోస్ 10 నాటి డ్రైవర్లు అప్‌గ్రేడ్‌లో అలాగే వచ్చేస్తాయి కనుక ఈ జబ్బు ఇప్పుడే బయటపడుతుంది. మా అనుమానితుల వరుస: వైఫై, ల్యాన్ డ్రైవర్లు, యాంటీవైరస్, వీపీఎన్. విండోస్ అప్‌డేట్ ఇచ్చిన డ్రైవరుతో సరిపెట్టుకోకుండా ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి మీ మోడల్‌కు విండోస్ 11 డ్రైవరు తెచ్చి వేయండి. దేని పని అన్నది ఇంకా తేలకపోతే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లోని ర్యామ్‌మ్యాప్ అనే ఉచిత పనిముట్టు మెమరీ మొత్తం ఏయే ఖాతాల్లో ఉందో రంగులతో చూపిస్తుంది.

గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల ల్యాప్‌టాప్‌లకూ ఇదే పద్ధతా?

కాదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్, భద్రతా సాఫ్ట్‌వేర్ మీ ఇష్టానికి తీసేవి కావు. స్క్రీన్‌షాట్ తీసి మీ ఐటీ విభాగానికి పంపండి. కంపెనీ ఆస్తి అయిన ల్యాప్‌టాప్‌ను మేం విప్పం.

ఉన్నట్టుండి తెర మారిపోయి "మెమరీ మేనేజ్‌మెంట్" అని రాసి రీస్టార్ట్ అవుతోంది. ర్యామ్ పోయినట్టేనా?

పోయి ఉండవచ్చు, డ్రైవరు తప్పూ అయి ఉండవచ్చు. నీలి తెరకు బదులు నల్ల తెర వచ్చినా అదే జబ్బు, కొత్త అప్‌డేట్లలో మైక్రోసాఫ్ట్ రంగు మార్చింది, అంతే. పేరులో మెమరీ ఉంది కదా అని ర్యామ్ కొనేయకండి. పరీక్షించండి.

స్టార్ట్‌లో "విండోస్ మెమరీ డయాగ్నస్టిక్" అని వెతికి నడపండి. యంత్రం రీస్టార్ట్ అయి పరీక్ష చేసుకుని, లాగిన్ అయ్యాక ఫలితం చెబుతుంది. ఇది తప్పు చూపిస్తే నమ్మవచ్చు. తప్పు లేదంటే మాత్రం పూర్తిగా నమ్మలేం, పైపై పరీక్ష అది. మెమ్‌టెస్ట్86ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపితే అసలు సంగతి తేలుతుంది. అందులో ఒక్క తప్పు వచ్చినా తప్పే. "ఒకటే కదా" అని ఊరుకుంటే ఏదో ఒక రోజు ఆ చోటులో పడేది మీ ఖాతాల ఫైలు.

తప్పు వస్తే వెంటనే పారేయకండి. ముందు బయోస్‌లో ఎక్స్ఎంపీ వంటి వేగం పెంచే అమరిక ఉంటే ఆపి మళ్లీ పరీక్షించండి. తర్వాత ఛార్జరు తీసి, బ్యాటరీ విడదీసే వీలుంటే విడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. చేత్తో ఏదైనా లోహాన్ని తాకి ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోగొట్టుకోండి, ఎండాకాలం పొడిగాలిలో ఇది మరీ ముఖ్యం. స్టిక్ తీసి బంగారు రంగు అంచును మెత్తటి రబ్బరుతో తేలికగా తుడిచి, పొడి ఊదేసి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి కూర్చోబెట్టండి. మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనులు, పక్కన కొత్త అపార్ట్‌మెంటు పనులతో మన ఊరి దుమ్ముకు లోటు లేదు. తుడవడంతోనే బాగుపడే స్టిక్‌లు ఉన్నాయి. రెండు స్టిక్‌లుంటే ఒక్కొక్కటే వేసి, స్లాట్లు మార్చి పరీక్షిస్తే దోషం స్టిక్‌దో స్లాట్‌దో తెలుస్తుంది.

అన్ని పరీక్షలూ నెగ్గినా తెర వస్తూనే ఉంటే ఏ ప్రోగ్రామ్ ఎక్కువ తింటోందన్న ప్రశ్నలో చెప్పిన డ్రైవర్ల దారి పట్టండి.

"మెమరీ ఇంటెగ్రిటీ" ఆపేస్తే మెమరీ మిగులుతుందా?

పెద్దగా మిగలదు. అది భద్రతా ఏర్పాటు, దాని భారం ర్యామ్ మీద కంటే ప్రాసెసర్ మీద ఎక్కువ. ఇంటెల్ 7వ తరం, ఏఎండీ జెన్ 2 నుంచి ప్రాసెసర్లలో దానికి ప్రత్యేక సదుపాయం ఉంది కాబట్టి వాటిలో తేడా తెలియదు. నిబంధనలు తప్పించి 4వ, 6వ తరం యంత్రాల్లో విండోస్ 11 ఎక్కించుకున్నవారికి తెలుస్తుంది. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో దాన్ని ఆపమని మేం చెప్పం.

4 జీబీ చాలని మైక్రోసాఫ్టే చెబుతోంది కదా?

కనీస అర్హత 4 జీబీ అన్నది నిజం. విండోస్ 10కైతే 32-బిట్‌కు 1, 64-బిట్‌కు 2 జీబీ అనేవారు. కనీస అర్హత అంటే తెర వెలుగుతుందని హామీ, పని జరుగుతుందని కాదు. 4 జీబీలో విండోస్ 11 వేసుకుని క్రోమ్, వర్డ్ రెండూ తెరిస్తే ఓపికకు పరీక్షే. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచి హైదరాబాద్‌లో ఉంది, సంస్థ అధిపతి సత్య నాదెళ్ల బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనిషి. ఆ చనువుతో చెబుతున్నాం: మామూలు ఇంటి వాడకానికి 8, పదేసి ప్రోగ్రాములతో పనిచేసేవారికి 16. 4 ఉన్నవారు పెంచుకోవాలి, లేదా 11 మానుకోవాలి.

డబ్బు ఒకదానికే ఉంది. ర్యామ్ ముందా, ఎస్‌ఎస్‌డీ ముందా?

మీ యంత్రంలో ఇంకా తిరిగే హార్డ్ డిస్కు ఉండి, 8 జీబీ ర్యామ్ ఉంటే కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు). ర్యామ్ చాలనప్పుడు విండోస్ పేజింగ్ ఫైల్ కోసం డిస్కు మీదికి వెళ్తుంది. హార్డ్ డిస్కు అయితే అది ప్రతి కాగితానికీ మేడ మీది బీరువా దాకా వెళ్లి రావడమే. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం దగ్గర బిగుసుకుపోయి ఉండడం దాని గుర్తు. 4 జీబీ, హార్డ్ డిస్కు రెండూ ఉంటే రెండూ మార్చాలి. కుదరకపోతే ముందు ఎస్‌ఎస్‌డీ వేసుకుని, ర్యామ్ తర్వాత చూసుకోండి.

పేజింగ్ ఫైల్ ఆపేస్తే వేగం పెరుగుతుందట?

పెరగదు. కమిటెడ్ హద్దు తగ్గి ప్రోగ్రాములు ఉన్నట్టుండి మూతపడతాయి. విండోస్‌కే వదిలేయండి. ర్యామ్ క్లీనర్ సాఫ్ట్‌వేర్ల గురించీ మా జవాబు ఇంతే: వద్దు.

హైదరాబాద్‌లో ర్యామ్ ఎక్కడ కొనాలి? ఏది చూసుకోవాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, ఈ సరుకుకు పాత అడ్డా. అక్కడికి వెళ్లేముందు మీకేం కావాలో తెలిసి ఉండాలి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి వేరేచోట ఉంటుంది. ల్యాప్‌టాప్ స్టిక్‌లలో డీడీఆర్3కి 204, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262 పిన్నులు. పాత ల్యాప్‌టాప్‌లలో మరో మెలిక ఉంది: 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అడిగే యంత్రంలో 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 వేస్తే అసలు ఆన్ కాకపోవచ్చు. సీపీయూ-జీ అనే ఉచిత ప్రోగ్రామ్ మీ స్టిక్ రకం, వేగం, తయారీదారు పేరు చెబుతుంది. ఫొటో తీసుకుని వెళ్లండి. వీలైతే ల్యాప్‌టాప్‌నే తీసుకెళ్లండి.

పలుచటి ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, పెంచే వీలే లేదు. టాస్క్ మేనేజర్‌లో స్లాట్ల లెక్క కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది, మోడల్ పేరుతో తయారీదారు సైట్‌లో చూడటం మేలు. ఒకే సామర్థ్యం ఉన్న రెండు స్టిక్‌లు వేస్తే డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేయడం) లాభం దక్కుతుంది, ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు అది బాగా ఉపకరిస్తుంది.

ధరల విషయం. 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉంది, అయినా ఆ కారణంగా మనకు తగ్గింపేమీ లేదు. ధర పెరిగినప్పుడు మార్కెట్లోకి పాత స్టిక్‌లు కొత్త స్టిక్కర్లతో వస్తాయి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, దుకాణంలోనే ఆన్ చేసి చూపించమనండి. బిల్లు లేకుండా తగ్గిస్తాం అంటే ఆ తగ్గింపు మీకు వారంటీ లేని లోటే.

కొత్త ర్యామ్ వేశాక తెర రావడం లేదు.

డీడీఆర్5 అయితే తొలిసారి కొన్ని నిమిషాలు ఆగండి, యంత్రం కొత్త మెమరీని పరీక్షించి సర్దుకుంటుంది. మధ్యలో పవర్ తీయకండి. ఇతర రకాలైతే తీసి మళ్లీ కూర్చోబెట్టండి. సగానికి సగం కేసులు స్టిక్ సరిగా దిగకపోవడమే.

మాది చిక్కడపల్లిలో డీటీపీ సెంటరు. 16 జీబీ వేయించినా పేజ్‌మేకర్ మెమరీ చాలదంటోంది. మోసపోయామా?

మోసం కాదు, అది 32-బిట్ ప్రోగ్రామ్. యంత్రంలో 16 కాదు, 64 జీబీ ఉన్నా అలాంటి ప్రోగ్రామ్‌కు మామూలుగా దక్కేది 2 జీబీ చిరునామాలే. పెద్ద ఫొటోలను తగిన సైజుకు కుదించి, పొడుగాటి పుస్తకాన్ని అధ్యాయాలుగా విడదీసి పనిచేయండి. అను ఫాంట్లు డజన్ల కొద్దీ వేసి ఉంటే వాడనివి తీసేయండి.

ఇంకో సంగతి: విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. మీ పాత విండోస్ 10 గనుక 32-బిట్ అయితే పైనుంచి పైకి అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా వేయాలి. అప్పుడు పాత స్కానర్, ప్రింటర్ల 32-బిట్ డ్రైవర్లు పనిచేయవు. పెళ్లిళ్ల కార్డుల సీజన్‌లో ఈ సాహసం చేయకండి.

అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నాను. లినక్స్ ల్యాబ్ తెరిస్తే సగం మెమరీ పోతోంది.

విండోస్‌లో లినక్స్ (మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిపే డబ్ల్యూఎస్ఎల్2 మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం దాకా తీసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో "వీఎమ్మెమ్" పేరుతో కనిపిస్తుంది. దానికి హద్దు పెట్టే వీలు ఉంది, మీ శిక్షకుడిని అడగండి. ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ లేకుండా కుదరదనే అనుకోండి.

ఇవన్నీ మా వల్ల కాదు. వెనక్కి విండోస్ 10కు వెళ్లవచ్చా?

10 రోజుల లోపు అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" ఉంటుంది. ఫైళ్లు మాత్రం ముందే వేరేచోట భద్రపరచుకోండి. గడువు దాటితే కొత్తగా వేయడమే. ఇళ్లలోని విండోస్ 10 యంత్రాలకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను దానికి జతచేసుకుంటే రుసుము లేకుండానే చేరవచ్చు.

4 జీబీకి మించి పెరగని, 11కు అర్హత లేని యంత్రాలకు లినక్స్ ఒక దారి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తెచ్చిన సంగతి చాలామందికి తెలియదు. ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌తో ఉన్న లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, డిస్కు మీద ఏమీ మారదు. వైఫై పట్టుకుంటోందా, ప్రింటర్ పలుకుతోందా, తెలుగు టైపింగ్ మీ చేతికి కుదురుతోందా అన్నవి చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి.